మైలుతుత్తం నీళ్లలో నెగ్గిన పొర బోరు నీళ్లలో ఎందుకు చతికిలపడుతుంది?

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.393 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగిస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల రాగి ఉన్న ద్రావణం తయారవుతుంది. గ్లాసులో పోసి చూస్తే రంగు ఉందా లేదా అన్నట్టుంటుంది. అందులో అమీన్ సమూహాలు (లోహాన్ని పట్టుకునే నైట్రోజన్ కొక్కేలు) ఎక్కించిన తెల్లటి పాలిమర్ పొర ముక్క ఒకటి వేయండి. కాసేపటికి అంచులు నీలం తిరుగుతాయి. ఇంకాసేపుంటే ముక్క మొత్తం ఇంకులో ముంచి తీసినట్టవుతుంది. పట్టకారుతో బయటికి తీసి, కడిగి, పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే, ఆ చుక్క పడినంత మేరా మళ్లీ తెలుపు. చూడముచ్చటగా ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు అట్టకు మంచి ఫొటో కూడా దొరుకుతుంది.

పేచీ అంతా ఆ రిపోర్టు చివరి పేజీతోనే. ముందు పేజీలో "ఈ పొర గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాముల లోహాన్ని పట్టింది" అని ఉంటుంది. చివరి పేజీలో "కాబట్టి తాగునీటి నుంచి భారలోహాలను తొలగించడానికి పనికొస్తుంది" అని ఉంటుంది. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఆ "కాబట్టి" తప్ప వేరే చుట్టరికం లేదు. పొరను అడగాల్సింది గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టావని కాదు. చిత్తూరు బోరు నీళ్లు చదరపు మీటరుకు ఎన్ని లీటర్లు పోసేదాకా నిలబడ్డావని అడగాలి. ఈ వ్యాసంలో వాదన ఇంతే. మిగతాదంతా ఎందుకో చెప్పే లెక్క.

ముందు ఒక అపోహ తీసేద్దాం. తిరుపతిలో మెంబ్రేన్ అనగానే వంటింటి గోడకు తగిలించిన ఆర్వో మిషనో, 20 లీటర్ల క్యానో గుర్తొస్తుంది. ఇది ఆ మెంబ్రేన్ కాదు. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్‌తో చేసిన పొర ఆర్వోకు దారి తీసింది. దాని పైచర్మం దట్టంగా ఉంటుంది. ఒత్తిడి పెడితే నీళ్లు దాటతాయి, ఉప్పులు దాదాపుగా దాటవు. మనం మాట్లాడుకునే పొరలో రంధ్రాలు 0.1 నుంచి 1 మైక్రాన్ దాకా ఉంటాయి. నీటి అణువులను చుట్టుకున్న లోహ అయాను కూడా ఒక నానోమీటరు లోపే. అంటే అయానుకు ఆ రంధ్రం రాజగోపుర ద్వారమంత. కాబట్టి ఇది వడపోసే జల్లెడ కాదు. జిగురు పూసిన గోడల మధ్య సందు లాంటిది. సోడియం, కాల్షియం దారిన పోతాయి, కావలసిన లోహం గోడకు అతుక్కుంటుంది. అతుక్కోవాలి.

అందుకే టీడీఎస్ 1500 ఉన్న ఉప్పనీళ్లను ఈ పొర తీపి నీళ్లు చేయదు. అలాగని లీటరుకు 40 మైక్రోగ్రాముల సీసం ఒక్కటే బెడద అయిన నీళ్లకు, మొత్తం ఉప్పులన్నీ తీసేసి బిందెకు రెండు మూడు బిందెలు మోరీలో పోసే ఆర్వో పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. రెండింటి చోటూ వేరు.

ఈ సూత్రం మన వైపు కొత్తదేమీ కాదు. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ నూలు పోగులకు పడుతుంది. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమిని వెదురు కలంతో గీస్తే, టానిన్ ఇనుప అయాన్లను బిగించి పట్టుకుని గీత నల్లగా తేలుతుంది. పటిక రాసిన చోట అల్యూమినియం కూర్చుంటుంది, ఎర్ర రంగు దాన్ని పట్టుకుంటుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద అదే కసిమి తుప్పు మరకగా మిగులుతుంది తప్ప ఆ నలుపు రాదు. నూలు అంటే సెల్యులోజ్ అనే పాలిమరే, పోగుల మధ్య సందులే రంధ్రాలు. పాలిమర్, రంధ్రం, లోహాన్ని పట్టే సమూహం: మూడూ అక్కడే ఉన్నాయి. లోహాన్ని పట్టే పని పాలిమర్‌ది కాదు, దాని మీద ఎక్కించిన సమూహానిది అని ఇంతకన్నా తేటగా చూపించే ఉదాహరణ లేదు.

ఇక తయారీ. పొరకు ఒళ్లయ్యే పాలిమర్ పాలీఈథర్‌సల్ఫోన్ 16 గ్రాములు, నీళ్లలో కరిగే ఇంకో పాలిమర్ పీవీపీ 4 గ్రాములు, రెండింటినీ కరిగించే ఎన్‌ఎంపీ ద్రావణి 80 గ్రాములు. పాలిమర్‌ను ముందు రాత్రంతా 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాలి. 60 డిగ్రీల దగ్గర 12 గంటలు కలిపితే తేనె లాంటి చిక్కటి ద్రావణం వస్తుంది. గాలి బుడగలు పోయేదాకా ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఇక్కడ తొందరపడితే ప్రతి బుడగా పొరలో ఒక చిల్లు అవుతుంది, నీళ్లన్నీ ఆ చిల్లులోంచే పోతాయి. గాజు పలక మీద 200 మైక్రాన్ల ఎత్తులో కత్తి లాగి, వెంటనే పలకను నీళ్ల తొట్టిలో ముంచాలి. ఎన్‌ఎంపీ నీళ్లలోకి, నీళ్లు పాలిమర్‌లోకి వెళ్లే ఆ కొద్ది సెకన్లలోనే రంధ్రాలు పుడతాయి. పీవీపీ చాలావరకు కొట్టుకుపోయి దారులు మిగులుస్తుంది. మార్పిడి వేగంగా జరిగితే వేళ్ల లాంటి పెద్ద ఖాళీలు, నిదానంగా జరిగితే స్పాంజి లాంటి అల్లిక. లోహాన్ని పట్టడానికి స్పాంజే మేలు, గోడలు ఎక్కువ. వేళ్ల ఖాళీల్లో నీళ్లు గోడకు తగలకుండానే జారిపోతాయి.

పద్ధతుల భాగంలో అందరూ "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాసి ఊరుకుంటారు. తిరుపతిలో గది ఉష్ణోగ్రత అంటే ఏది? మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి, జనవరి ఉదయం చల్లగా ఉంటాయి. అదే వంటకం, రెండు వేర్వేరు పొరలు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఇంకో తంటా. ఎన్‌ఎంపీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లాగిన ఫిల్మ్‌ను నీళ్లలో ముంచేలోపే అది మబ్బు పట్టినట్టు తెల్లబడితే, రంధ్రాలు తొట్టిలో కాక గాలిలోనే పుట్టేశాయన్నమాట. తొట్టి నీళ్లకు థర్మామీటరు, గదికి తేమ మీటరు, లాగడానికీ ముంచడానికీ మధ్య ఎన్ని సెకన్లో చూసే గడియారం: ఈ మూడూ లేకపోతే నవంబరులో చేసిన పొర మళ్లీ నవంబరులోనే వస్తుంది. తొట్టిలో బోరు నీళ్లు పోయడం ఇంకో పొరపాటు, ముఖ్యంగా కార్బాక్సిల్ సమూహాలున్న (కాల్షియాన్ని కూడా పట్టే ఆమ్ల సమూహాలు) పాలిమర్ అయితే. లోహం ముఖం చూడకముందే కాల్షియంతో సగం నిండిపోతుంది.

తొట్టిలో నీళ్లు మారుస్తూ ఒక రోజు నానబెట్టాక చాలామంది పొరను ఫ్యాను కింద ఆరేస్తారు. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు చిన్న రంధ్రాల గోడలను దగ్గరికి లాక్కుంటాయి, అవి కూలిపోతాయి, మళ్లీ తడిపినా తెరుచుకోవు. ఆరబెట్టక తప్పకపోతే ముందు 30 శాతం గ్లిజరిన్ నీళ్లలో నానబెట్టాలి. ఎన్‌ఎంపీ గర్భస్థ శిశువుకు హాని చేసే ద్రావణి, చర్మం గుండా లోపలికి పోతుంది. పలచటి సర్జికల్ గ్లవుజులు దానికి చాలవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. తొట్టి నీళ్లు కూడా మోరీలోకి కాదు, ద్రావణి వ్యర్థాల డబ్బాలోకి.

పాలీఈథర్‌సల్ఫోన్ ఒంటరిగా లోహాన్ని పట్టదు. అమీన్లు నిండిన పాలీఈథలీన్‌ఇమీన్ 2 శాతం ద్రావణంలో రెండు గంటలు నానబెట్టి, కారిపోనిచ్చి, వాటిని ఒకదానికొకటి ముడివేసే గ్లూటరాల్డిహైడ్ 0.5 శాతం ద్రావణంలో పావుగంట ఉంచితే అమీన్ల వల గోడల మీద బిగుసుకుంటుంది. గ్లూటరాల్డిహైడ్ ఎక్కువైతే పట్టాల్సిన అమీన్లనే అది తినేస్తుంది, రంధ్రాలు కూడా పూడిపోతాయి. తక్కువైతే వల కరిగి నీళ్లలోకి వచ్చేస్తుంది. వచ్చేస్తోందో లేదో చూడటానికి పెద్ద పరికరం అక్కర్లేదు. పొరను కడిగిన నీళ్లలో కొంచెం మైలుతుత్తం ద్రావణం కలపండి. నీలం చిక్కబడితే పాలీఈథలీన్‌ఇమీన్ బయటికొస్తున్నట్టే. తాగే నీళ్ల కోసమని చేసిన పొర తన రసాయనాన్నే మనకు తాగిస్తే ఇంకెందుకు?

ఇప్పుడు అసలు లెక్క. 100 మైక్రాన్ల మందం, 75 శాతం ఖాళీ ఉన్న పొర చదరపు మీటరుకు సుమారు 34 గ్రాములు తూగుతుంది. గ్రాముకు 50 మిల్లీగ్రాముల సీసం పడుతుందని రిపోర్టు అంటే, చదరపు మీటరుకు 1.7 గ్రాములు. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల సీసం ఉన్న నీళ్లకు ఈ అంకెను నేరుగా వాడితే 34,000 లీటర్లు శుద్ధి కావాలి. చదరపు మీటరుకు గంటకు 100 లీటర్ల చొప్పున 340 గంటలు, అంటే రెండు వారాలు ఆపకుండా. బ్రహ్మాండం.

కానీ ఆ 50 ఎక్కడ కొలిచారు? లీటరుకు 200, 300 మిల్లీగ్రాముల సీసం పోసిన గ్లాసులో. అంత సీసం తాగునీళ్లలో ఎవరూ చూడరు. ద్రావణంలో ఎంత లోహముంటే పొర ఎంత పడుతుందో చెప్పే లాంగ్‌మూర్ సమీకరణంలో గరిష్ఠ సామర్థ్యం పక్కనే ఇంకో అంకె ఉంటుంది, పలచని ద్రావణంలో పొర ఎంత ఆబగా పట్టుకుంటుందో చెప్పేది. అది మిల్లీగ్రాముకు 0.1 లీటరు అనుకోండి. అప్పుడు 0.05 దగ్గర పొర పట్టేది 50 కాదు, గ్రాముకు 0.25 మిల్లీగ్రాములు. 34,000 లీటర్లు కాస్తా 170 లీటర్లవుతుంది. రెండు వారాలన్నది గంటా నలభై నిమిషాలు. ఇంకా నీళ్లలో కాల్షియం కలపనే లేదు. పట్టికలో మొదటి గడి చూసి మురిసిపోయి రెండో గడి చదవకపోతే వచ్చే నష్టం ఇది. గరిష్ఠం 20 మాత్రమే ఉండి, రెండో అంకె 10 ఉన్న పొర ఈ పనికి ఎన్నో రెట్లు మేలు: 0.05 దగ్గర అది గ్రాముకు 6.7 మిల్లీగ్రాములు పడుతుంది.

కాల్షియం సంగతికి వద్దాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు, కాడ్మియం 0.003, నికెల్ 0.02. అదే ప్రమాణం మొత్తం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా సరేనంటుంది, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఓర్చుకుంటుంది. లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం, 0.05 మిల్లీగ్రాముల సీసం ఉన్న నీళ్లు తీసుకోండి. అయాన్ల లెక్కన ఒక్క సీసానికి ఎనిమిది వేల పైచిలుకు కాల్షియంలు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎనిమిది వేల మంది మధ్య ఒక మనిషిని వెతికి పట్టుకోవాలి. కంపార్ట్‌మెంటు ఎంత పెద్దదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, గేటు దగ్గర ఎవరిని చూసి లోపలికి వదులుతున్నారన్నదే ప్రశ్న. సల్ఫోనిక్ యాసిడ్ సమూహం దాదాపు విద్యుదావేశం మాత్రమే చూస్తుంది. రెండు ధనావేశాలున్నాయా, రా. ఇంకేముంది, కాసేపట్లో కాల్షియంతో నిండిపోతుంది. ఇమినోడైఅసిటిక్ సమూహం అలా కాదు. రాగితో దాని బంధ స్థిరాంకం పది ఘాతం పదిన్నర దగ్గర ఉంటే, కాల్షియంతో పది ఘాతం రెండున్నర దగ్గరే. తేడా పది కోట్ల రెట్లు. గంధకం ఉండే థయోల్ సమూహానికి కాల్షియం పొడే గిట్టదు, పాదరసం, సీసం, కాడ్మియం అంటే వదలదు. మెత్తనివి మెత్తనివాటితో, గట్టివి గట్టివాటితో జత కడతాయని 1963లో రసాయనశాస్త్రవేత్త రాల్ఫ్ పియర్సన్ చెప్పిన ఆమ్ల క్షారాల జోడీ ఇదే: సీసం లాంటి లోహాలు, గంధకం మెత్తని వైపు, కాల్షియం గట్టి వైపు.

థయోల్ అనగానే మనూళ్లో ఎవరికైనా తిరుమల కల్యాణకట్ట గుర్తు రావాలి. జుట్టంతా కెరటిన్, కెరటిన్ నిండా గంధకం. టీటీడీ జుట్టును పొడుగును బట్టి రకాలుగా వేలం వేస్తుంది. పొడుగు జుట్టు విగ్గులకు పోతుంది, దాన్ని కరిగించి పొర చేయడం తెలివితక్కువ. పొట్టి జుట్టుతో ఆలోచించవచ్చు. అయితే జుట్టులోని గంధకం జంటలుగా ముడిపడి ఉంటుంది, రసాయనంతో ఆ ముళ్లు విప్పితేనే థయోల్. విప్పినవి గాలికి మళ్లీ ముడిపడతాయి, మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌కు ఇంకా త్వరగా పాడవుతాయి. తయారైన నాడు బ్రహ్మాండంగా పనిచేసిన పొర నెల తర్వాత ఏమైందో కొలవకుండా "పవిత్ర వ్యర్థం నుంచి శుద్ధ జలం" అని శీర్షిక పెట్టేయడం సులువే.

అమీన్ పొరలతో ఇంకో మాయ ఉంది. అమీన్ క్షారం కదా, ద్రావణంలో వేయగానే పీహెచ్‌ను పైకి నెడుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల రాగి ఉన్న నీళ్లలో పీహెచ్ 5.5 దాటి 6 వైపు వెళ్తే రాగి హైడ్రాక్సైడ్‌గా విరిగి అడుగుకు చేరడం మొదలవుతుంది. పైనీళ్లలో రాగి తగ్గిపోయింది, పొర పట్టేసిందని రాస్తారు. పొర పట్టలేదు, రాగి తనంతట తానే దిగిపోయింది. గ్రాముకు 400, 500 అని వచ్చే అంకెల్లో కొన్నింటి గుట్టు ఇదే. పొర వేయని గ్లాసొకటి పక్కన పెట్టి, దాని పీహెచ్‌ను మొదటి గ్లాసు చివర్లో చేరిన అంకెకే తెచ్చి, అందులో ఎంత రాగి మిగిలిందో చూడాలి. ఒక్క గ్లాసు ఖర్చు.

లోహం నీళ్లలో ఏ రూపంలో ఉందన్నది కూడా తేల్చుకోవాలి. యురేనియాన్నే చూడండి. గ్రానైటు రాళ్లలో అది కొద్దికొద్దిగా సహజంగానే ఉంటుంది, బైకార్బనేటు ఎక్కువున్న నీళ్లు దాన్ని కరిగించుకుంటాయి. పక్కనున్న కడప జిల్లా తుమ్మలపల్లెలో గనే ఉంది. తాగునీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పుస్తకంలో యురనైల్ (నీళ్లలో కరిగిన యురేనియం రూపం) రెండు ధనావేశాల అయాను కాబట్టి ధనావేశాన్ని పట్టే పొర చాలనిపిస్తుంది. మన బోరు నీళ్ల లాంటి పీహెచ్ 7.5, 8 నీళ్లలో అది మూడు కార్బనేట్లను తగిలించుకుని రుణావేశంలోకి మారుతుంది. కాల్షియం కూడా తోడైతే ఏ ఆవేశమూ లేని ముద్ద అవుతుంది. యురేనియాన్ని పట్టడంలో అమిడాక్సిమ్ అనే సమూహం ఎక్కించిన పొరకు పేరున్నా, ఆ మూడు కార్బనేట్ల నుంచి యురేనియాన్ని విడదీయడానికి దానికి సమయం పడుతుంది. 100 మైక్రాన్ల పొరలో గంటకు 100 లీటర్ల వేగంతో పోయే నీళ్లు లోపల ఉండేది 2.7 సెకన్లు. జపాన్ వాళ్లు 1999 నుంచి 2001 మధ్య అమిడాక్సిమ్ గుడ్డలను సముద్రంలో వేలాడదీసి కిలోకు పైగా ఎల్లోకేక్ (పసుపు పచ్చని యురేనియం పదార్థం) తీశారు. నిజమే, కానీ ఆ గుడ్డలు సముద్రంలో ఉన్నది మొత్తం 240 రోజులు. యురేనియంతో పాటు వెనేడియం కూడా వచ్చి కూర్చుంది, దాన్ని దింపడానికి గట్టి యాసిడ్ కావాల్సి వచ్చింది.

ఆ 2.7 సెకన్ల గురించి ఒక మాట. పొరలకు గింజల రెజిన్ (అయాన్లను పట్టే చిన్న పాలిమర్ గుండ్లు) మీద ఉన్న అసలు ఆధిక్యం అక్కడే ఉంది. గింజలో అయాను లోపలికి నిదానంగా ఇంకాలి, 0.3 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి పావుగంట దాకా పడుతుంది. పొరలో నీళ్లే దాన్ని గోడ దగ్గరికి మోసుకొస్తాయి. మిగతా ఆలస్యమంతా సమూహంతో బంధం పడటానికే. బంధం చురుగ్గా పడే సమూహాన్ని ఎంచుకోకపోతే పొర చేయడంలో అర్థం లేదు, గింజలే చవక. నీళ్లు ఒకే చోట జారిపోకుండా ఐదు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా మంచి అలవాటు.

పరీక్ష ఎలా చేయాలో చెప్పకుండా తిట్టడం న్యాయం కాదు. 47 మిల్లీమీటర్ల హోల్డరు, పెరిస్టాల్టిక్ పంపు, నిమిషానికి 2.3 మిల్లీలీటర్లు. ఇది ఇంతకు ముందు చెప్పిన చదరపు మీటరుకు గంటకు 100 లీటర్లకు సమానం (హోల్డరు అంచు కింద పోను మిగిలే పొర వైశాల్యం లెక్కన). కఠిన జలం మీరే చేసుకోండి: లీటరుకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 293 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 304, తినే సోడా 413. కాఠిన్యం 320 దాటుతుంది. ఏ రోజుది ఆ రోజే వాడాలి, నిలవుంటే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం తేలుతుంది. దానికి సీసం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు కలపండి. బయటికొచ్చే నీళ్లను 20 మిల్లీలీటర్ల చొప్పున, 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ సీసాల్లో పట్టి, పీహెచ్ 2 లోపుకు యాసిడ్ వేయండి. లోహాన్ని కొలిచే పరికరాల్లో మామూలుదైన ఫ్లేమ్ ఏఏఎస్‌తో 0.01ని నమ్మకంగా చూడలేరు, ఇంకా సున్నితమైన గ్రాఫైట్ ఫర్నేసో ఐసీపీ-ఎంఎస్సో కావాలి. బయటి నీళ్లలో సీసం 0.01 తాకిన క్షణమే పొర ఓడినట్టు. బయటి నీళ్లలో సీసం లోపలికి పోసినదాంట్లో సగానికి చేరేదాకా ఆగి దాన్ని పగులుబిందువు (పొర చేతులెత్తేసిన చోటు) అనడం రసాయనశాస్త్రానికి సరిపోవచ్చు, తాగేవాడికి కాదు. ఆ తర్వాత నిజం బోరు నీళ్లతో ఇదే మళ్లీ. ఇనుమున్న బోరైతే ముందు ఒక క్యాండిల్ ఫిల్టరు పెట్టకపోతే గంటలో పొర గోధుమరంగుకు తిరిగి మూసుకుపోతుంది.

తర్వాత 0.1 మోలార్ నైట్రిక్ యాసిడ్‌తో దింపడం, నీళ్లతో కడగడం, అమీన్ అయితే పలచని కాస్టిక్ సోడాతో మళ్లీ మేల్కొలపడం. ఐదు చుట్లు తిప్పి, ఐదోసారి ఎన్ని లీటర్లు నిలిచిందో రాయండి. మొదటి చుట్టు అంకె ఎవరికి కావాలి?

దింపిన యాసిడ్ మాటేమిటన్నది రిపోర్టుల్లో కనిపించదు. చదరపు మీటరు పొర నిండుగా పడితే 1.7 గ్రాముల సీసం, దాన్ని దింపడానికి 2 లీటర్ల యాసిడ్. అంటే లీటరుకు 850 మిల్లీగ్రాములు. ఆ రెండు లీటర్లు స్వర్ణముఖి వైపు పోయే కాలువలో పడితే 1,70,000 లీటర్ల మంచి నీళ్లను హద్దు దాకా చెడగొట్టగలవు. సున్నం తేట కలుపుతూ పీహెచ్ 9, 9.5 దగ్గర ఆపి, రాత్రంతా తేరనిచ్చి, అడుగు బురదను ఆరబెట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. చెయ్యి జారి సున్నం ఎక్కువైతే, పీహెచ్ 12 దగ్గరకొచ్చేసరికి దిగిన సీసం మళ్లీ కరిగి పైనీళ్లలోకి వస్తుంది. మళ్లీ యాసిడ్ చుక్కలు వేస్తూ వెనక్కి రావాలి.